ఓడ దొంగలు నిజంగా వాడిన ఓడలు ఏవి? చిన్న స్లూప్‌తో పెద్ద ఓడను ఎలా పట్టేవాళ్ళు?

నీలిరెక్క:

ఓడ దొంగల బొమ్మ ఎక్కడ చూసినా మూడు తెరచాప స్తంభాల పెద్ద ఓడ, రెండు వైపులా ఇరవయ్యేసి ఫిరంగులు, వెనక నగిషీలు చెక్కిన గది కనిపిస్తాయి. కానీ 1650 నుంచి 1726 దాకా కరీబియన్, అట్లాంటిక్ సముద్రాల్లో నడిచిన దోపిడీల గురించి చదువుతుంటే స్లూప్ అన్న మాటే పదే పదే తగులుతోంది. ఒక్క స్తంభం ఉన్న చిన్న ఓడ అది. దానితో మూడింతలు పెద్దదైన సరుకు ఓడను ఎలా పట్టేవాళ్ళు? స్లూప్ నిజంగా అంత వేగంగా పోతుందా, లేక వేరే కారణం ఉందా?

ఇంకో సందేహం. వీళ్ళకు రేవుల్లోకి వెళ్ళే వీలు లేదు, ఓడలు బాగుచేసే జాగా లేదు. కొయ్య ఓడను సంవత్సరాల తరబడి ఉప్పునీటిలో ఎలా నిలబెట్టుకున్నారు? వివరంగా తెలిసినవాళ్ళు చెప్పగలరు.

చుక్కాని:

స్లూప్ ఎప్పుడూ వేగంగానే పోతుందని అనుకుంటే పొరపాటండి. గాలి బలంగా వెనక నుంచి తోస్తున్నప్పుడు పొడుగాటి పెద్ద ఓడదే పైచేయి. నీటి మట్టం దగ్గర ఓడ ఎంత పొడవుంటే దాని వేగానికి హద్దు అంత పెరుగుతుంది. గట్టి గాలిలో, పెద్ద అలల మీద, తెరచాపలన్నీ విప్పి గాలివాటున పారిపోయే పెద్ద ఓడను చిన్న స్లూప్ అందుకోవడం కష్టం.

స్లూప్ గెలిచేది గాలికి ఎదురు పోవాల్సి వచ్చినప్పుడు. పెద్ద సరుకు ఓడలవి అడ్డతెరచాపలు, అంటే స్తంభానికి అడ్డంగా కట్టిన దూలాల నుంచి వేలాడేవి. అలాంటి ఓడ గాలి వచ్చే దిక్కుకు 65-70 డిగ్రీల కంటే దగ్గరగా ముక్కు తిప్పలేదు. స్లూప్ తెరచాప ఓడ నిడివి వెంట ఉంటుంది కాబట్టి 50-55 డిగ్రీల దాకా పోగలదు. తేడా చిన్నదేగా అనిపిస్తుంది, లెక్క వేస్తే తెలుస్తుంది. సూటిగా గాలి వచ్చే వైపు 10 మైళ్ళు ముందుకు జరగాలంటే అటూ ఇటూ వంకర్లు కొడుతూ పోవాలి. ఆ 10 మైళ్ళకు అడ్డతెరచాప ఓడ దాదాపు 26 మైళ్ళు తిరుగుతుంది, స్లూప్ 16-17 మైళ్ళలో చేరుతుంది. రెండూ ఒకే వేగంతో పోతున్నా ఇంత తేడా. పైగా పెద్ద ఓడ మలుపు తిరిగిన ప్రతిసారీ దూలాలన్నీ లాగి తిప్పాలి, మధ్యలో కొంచెం వెనక్కి కూడా జారుతుంది. అందుకే దీవుల సందుల్లో, గాలి వచ్చే వైపు కాచుకుని ఉండేవాళ్ళు. అక్కడ ఉంటే ఎప్పుడు దాడి చేయాలో, ఎప్పుడు తప్పుకోవాలో వాళ్ళ చేతిలో ఉంటుంది.

రెండో సంగతి లోతు. స్లూప్ 8 అడుగుల నీళ్ళుంటే చాలు, తేలుతుంది. 300 టన్నుల ఓడకు 12 అడుగుల పైనే కావాలి. ఇసుక మేటలు, పగడపు దిబ్బలు ఉన్న బహామాస్ లాంటి చోట ఈ నాలుగడుగులే ప్రాణాలు కాపాడతాయి. బ్లాక్‌బియర్డ్ అనే పేరుమోసిన ఓడ దొంగ చివరి పోరాటం చూడండి. 1718 నవంబర్ 22న అమెరికా నార్త్ కరోలినా తీరంలోని ఒక్రకోక్ దగ్గర అతన్ని పట్టడానికి లెఫ్టినెంట్ రాబర్ట్ మేనార్డ్ వచ్చింది యుద్ధనౌకల్లో కాదు. పెర్ల్, లైమ్ అనే నౌకాదళపు ఓడలు ఆ మేటల్లోకి రాలేవు. అందుకని రెండు చిన్న స్లూప్‌లు అద్దెకు తీసుకుని, ఫిరంగులు లేకుండా, చిన్న ఆయుధాలతో మనుషుల్ని ఎక్కించుకుని వచ్చాడు. అయినా ఇసుకకు తగులుకుంటే, ఓడ అడుగున వేసిన బరువు, నీళ్ళ పీపాలు సముద్రంలోకి విసిరేసి తేలాల్సి వచ్చింది. బ్లాక్‌బియర్డ్ ఫిరంగులు ఒక్క వరుస పేల్చేసరికి డెక్ మీద చాలామంది పడిపోయారు. మేనార్డ్ మిగిలినవాళ్ళను కిందికి దింపి దాచాడు. ఓడ ఖాళీ అయిందనుకుని దొంగలు ఎక్కారు, కిందివాళ్ళు పైకి ఉరికారు. ఫిరంగులు ఉన్న ఓడ ఓడింది, మనుషులు ఉన్న ఓడ గెలిచింది.

మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు కూడా అదే. దొంగల ఓడకు మనుషులే బలం. 100-200 టన్నుల సరుకు ఓడను యజమానులు 12 నుంచి 20 మంది కళాసులతో నడిపించేవాళ్ళు, జీతాలు మిగుల్తాయని. దొంగల గుంపు సగటున 80 మంది. పక్కకు వచ్చి నిలబడ్డాక పోరాటం ఏముంటుంది? చాలా ఓడలు ఒక్క గుండు పేలకుండానే తెరచాప దించేసేవి.

మోకుముడి:

రెండో ప్రశ్నకు నేను రాస్తాను. నా లెక్కలో ఓడ దొంగల చరిత్రంతా ఓడ అడుగు భాగంలోనే ఉంది. దీన్ని పట్టించుకోకుండా ఫిరంగుల సంఖ్య చెప్పుకుంటూ పోతే ఏమీ అర్థం కాదు.

వేడి సముద్రంలో కొయ్య ఓడకు శత్రువులు రెండు రకాలు. పైకి కనిపించేవి నాచు, బార్నకిల్స్ (పలకలకు అంటుకునే చిన్న గుల్ల ప్రాణులు). ఇవి ఓడను తినవు కానీ వేగం చంపేస్తాయి. గంటకు 8 మైళ్ళు పోయే స్లూప్, 5 మైళ్ళు పోయే సరుకు ఓడను 6 మైళ్ళ దూరంలో చూసిందనుకోండి. 2 గంటల్లో అందుకుంటుంది. అదే అడుగున నాచు పట్టి వేగం ఆరున్నరకు పడిందా, 4 గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి కనిపించిన ఓడ ఈలోపు చీకట్లో కలిసిపోతుంది.

కనిపించనిది ఓడపురుగు. పేరుకు పురుగు, నిజానికి అది ఆలుచిప్ప జాతి ప్రాణి. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత రంధ్రం చేసుకుని పలకలోకి దూరుతుంది, లోపలే పెరుగుతూ కొయ్య నిడివి వెంట సొరంగం తొలుచుకుంటూ పోతుంది. బయట నుంచి చూస్తే పలక నున్నగా ఉంటుంది. కొయ్యసుత్తితో తట్టితే ఖణఖణ మోగాల్సిన పలక మొద్దుగా, డొల్ల చప్పుడు చేస్తుంది. కత్తి మొన పెట్టి నొక్కితే లోపలికి దిగిపోతుంది. అలాంటి పలక ఒక్కటి తుఫానులో విరిగితే చాలు.

కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఓడను ఒడ్డున పక్కకు వాల్చి అడుగు శుభ్రం చేయాల్సిందే. కరీబియన్‌లో చాలాచోట్ల పోటుకూ పాటుకూ నీటి మట్టం తేడా అర మీటరు లోపే. అంటే పోటు సమయంలో ఒడ్డుకు తెచ్చి, నీళ్ళు తీశాక పని చేసుకుందాం అంటే కుదరదు. బలవంతంగా వాల్చాలి.

ముందు చోటు చూసుకోవాలి. అలలు రాని కయ్య (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చిన్న సముద్రపు పాయ), మెల్లగా దిగే ఇసుక ఒడ్డు, ఒడ్డున బలమైన చెట్లు, తాగే నీళ్ళు, లోపలికి రావడానికి ఒకే ఇరుకు దారి. తర్వాత ఓడను ఖాళీ చేయాలి: ఫిరంగులు, గుళ్ళు, పీపాలు, అడుగున వేసిన బరువు రాళ్ళు, స్తంభాల పై ముక్కలు, అడ్డదూలాలు అన్నీ ఒడ్డుకు చేరాలి. దించిన ఫిరంగులు ఊరికే పడేయకూడదు, కయ్య ముఖద్వారం వైపు గురిపెట్టి మట్టికట్ట వెనక నిలపాలి. ఓడ వాలి ఉన్నన్నాళ్ళూ కాపలా అవే.

వాల్చేముందు కిందికి పోయే వైపు ఉన్న ఫిరంగి కిటికీలు, డెక్ మీది తలుపులు పీచు కుక్కి తారుతో మూసేయాలి. ఇది మరిచిపోతే ఏమవుతుందో ఎడ్వర్డ్ లో అనే ఓడ దొంగ గుంపు చూపించింది. ఓడను వాల్చడానికి అతను ఎక్కువమందిని ఒకేసారి తాళ్ళ మీదికి, దూలాల మీదికి ఎక్కించాడు, కిటికీలు తెరిచే ఉన్నాయి. అనుకున్నదానికంటే ఎక్కువ వాలి, నీళ్ళు కిటికీల్లోంచి దూరి ఓడ మునిగింది.

స్తంభం పైనుంచి మందపాటి మోకులు తెచ్చి, కప్పీల గుండా చెట్ల మొదళ్ళకు కట్టి లాగుతారు. ఇప్పుడు ఓడ బరువంతా స్తంభం మీద పడుతుంది. అందుకే పైకి లేచే వైపు అదనపు మోకులు బిగించాలి, కిందికి పోయే వైపు డెక్ నుంచి స్తంభానికి దుంగలు ఊతం పెట్టాలి. ఈ రెండూ చేయకుండా లాగితే స్తంభం మొదట్లోనే చిట్లుతుంది. అడవిలో స్తంభానికి పనికొచ్చే నిటారు మాను వెతకడం మళ్ళీ ఎన్ని రోజుల పని! పూర్తిగా తిరగబడకుండా ఓడ కింది నుంచి ఇంకో మోకు తీసుకొచ్చి వెనక్కి పట్టి ఉంచుతారు. లోపల ఊరే నీళ్ళు తోడుతూనే ఉండాలి.

అడుగు బయటపడ్డాక ఎండుకొమ్మలు, రెల్లు కట్టలు కట్టి కర్రల చివర మంట పెట్టి పలకల వెంట నడిపిస్తారు. నాచు కమిలిపోతుంది, పాత తారు మెత్తబడుతుంది, పురుగు పిల్లలు చస్తాయి. మంట ఒకేచోట నిలిపితే పలకే అంటుకుంటుంది, పక్కన నీళ్ళ బొక్కెనతో మనిషి ఉండాలి. మెత్తబడ్డది చల్లారకముందే గీకేయాలి. తర్వాత పలకలు ఒక్కొక్కటీ తట్టి చూడటం, తిన్నవి తీసి కొత్తవి వేయడం. పలకల మధ్య సందుల్లో పాత మోకులు విప్పి తీసిన పీచును తారుతో కలిపి ఉలి, సుత్తితో దిగ్గొట్టడం. పైన వేడి తారు. ఆఖరి పూత కొవ్వు, గంధకం, తారు లేదా గుగ్గిలం కలిపి కాచింది. కొవ్వు జారుడు కోసం, గంధకం పురుగు కోసం. అంతా అయ్యాక ఓడను తిప్పి రెండో వైపు మళ్ళీ మొదటి నుంచి.

స్లూప్‌కు ఇది కొద్ది రోజుల పని. మూడు స్తంభాల ఓడకు వారాలు. ఎందుకు స్లూప్ ఇష్టపడ్డారంటే నాకు కనిపించే మొదటి కారణం ఇదే, చుక్కాని గారు చెప్పిన గాలి లెక్క రెండోది. ఓడ వాలి ఉన్నప్పుడు దొంగలు పక్షుల్లా దొరికిపోతారు. జార్జ్ లౌథర్ అనే దొంగ 1723లో వెనిజులా దగ్గరి బ్లాంకిల్లా దీవిలో ఇలా ఓడ విప్పుకుని ఉండగానే ఈగిల్ అనే స్లూప్ వచ్చి పడింది. అతను తప్పించుకున్నాడు, ఓడ, మనుషుల్లో చాలామంది పోయారు.

టైమ్ లేనప్పుడు అడ్డదారి ఒకటుంది. ఫిరంగులు, బరువులు ఒక వైపుకు జరిపితే రెండోవైపు పైకి లేస్తుంది, నీటి గీత కింద నాలుగైదు పలకల మేర గీకి కొవ్వు పూస్తారు. వేగం కొంత తిరిగొస్తుంది. లోతున ఉన్న పురుగును మాత్రం ఇది ఏమీ చేయలేదు.

పాతఫిరంగి:

పై రెండు సమాధానాలూ బాగున్నాయి, కానీ పెద్ద ఓడలు లేనే లేవన్నట్టు అర్థం కాకూడదు. దొంగలు చిన్నదానితో మొదలెట్టి, దొరికితే పెద్దదానికి మారేవాళ్ళు. బ్లాక్‌బియర్డ్ వాడిన క్వీన్ యాన్స్ రివెంజ్ అసలు పేరు లా కాంకర్డ్, ఫ్రెంచి బానిసల ఓడ. 1717 నవంబర్‌లో కరీబియన్‌లో పట్టుకున్నాడు. శామ్యూల్ బెల్లమీ అనే దొంగ పట్టిన విడా కూడా బానిసల ఓడే, సుమారు 300 టన్నులు, లండన్‌లో కట్టింది. బానిసల ఓడలే ఎందుకు? అవి త్వరగా దాటాలని వేగంగా కట్టినవి, ఫిరంగి కిటికీలు అప్పటికే ఉంటాయి, వందలమంది పట్టే జాగా ఉంటుంది. మనుషుల్ని సరుకులా నింపిన చోటే ఆ జాగా, ఇది మర్చిపోకూడదు.

పట్టిన ఓడను ఉన్నదున్నట్టు వాడరు. లోపలి గదుల అడ్డుగోడలు పగలగొట్టి, ముందూ వెనకా ఎత్తుగా ఉన్న కట్టడాలు కొట్టేసి డెక్‌ను చదును చేస్తారు. ఎత్తు తగ్గితే గాలి తగిలే మేర తగ్గుతుంది, బరువు కిందికి దిగుతుంది, పోరాడేటప్పుడు అడ్డం లేకుండా పరుగెత్తవచ్చు. హెన్రీ ఎవరీ అనే దొంగ చేసింది ఇదే. 1694 మే నెలలో స్పెయిన్‌లోని లా కొరూన్యాలో తిరుగుబాటు చేసి 46 ఫిరంగుల ఓడను ఎత్తుకుపోయి ఫ్యాన్సీ అని పేరు పెట్టాడు, పై కట్టడాలు కొట్టేయించి దాన్ని హిందూ మహాసముద్రంలో అత్యంత వేగమైన ఓడల్లో ఒకటిగా చేశాడు. 1695 సెప్టెంబర్‌లో ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీ సూరత్ తిరిగి వస్తుంటే వెంటాడి పట్టింది ఈ వేగంతోనే. గంజ్-ఇ-సవాయీ ఇంకా పెద్దది, మనుషులూ ఎక్కువే. కానీ మొదట్లోనే దాని మీది ఫిరంగి ఒకటి దానంతట అదే పేలి తన మనుషుల్నే చంపింది, ప్రధాన స్తంభం గుండు దెబ్బకు దెబ్బతింది. తర్వాత ఆ ఓడ మీద హజ్ నుంచి వస్తున్న యాత్రికుల మీద, ఆడవాళ్ళ మీద జరిగింది చాలా ఘోరం. వేగం గురించి మెచ్చుకోలుగా రాసేటప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది.

ఫిరంగుల సంగతి. బొమ్మల్లో అందరూ పెద్దవి వేస్తారు. స్లూప్‌ల మీద ఉండేవి ఎక్కువగా 4 పౌన్లు, 6 పౌన్ల గుండు పేల్చేవి. 6 పౌన్లు అంటే గుండు బరువు 2.7 కిలోలు. ఆ ఫిరంగి గొట్టం ఒక్కటే 800 నుంచి 1100 కిలోలు తూగుతుంది. పది పెడితే దాదాపు పది టన్నులు, అదీ నీటి మట్టానికి పైన. 60 టన్నుల ఓడ మీద ఇది ఎంత పెద్ద మాటో ఊహించండి. ఓడ ఎక్కువగా ఒరుగుతుంది, వెనక్కి తన్నే దెబ్బకు పక్క పలకల సందులు విచ్చుకుంటాయి, నీళ్ళు ఊరతాయి. కొత్తగా కిటికీ కోసేటప్పుడు నిలువు పక్కటెముకను తెగ్గోస్తే ఇంకా ప్రమాదం. రెండు పక్కటెముకల మధ్యే కోయాలి.

మరో చిక్కు కలగలుపు. క్వీన్ యాన్స్ రివెంజ్ శిథిలం 1996లో నార్త్ కరోలినాలోని బోఫోర్ట్ దగ్గర దొరికాక బయటికి తీసిన ఫిరంగుల్లో ఇంగ్లండ్‌వి, స్వీడన్‌వి ఉన్నాయి. ఎక్కడ దొరికింది అక్కడ పెట్టుకున్నారన్నమాట. ఫిరంగి నోటి వెడల్పు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే గుళ్ళు కలిసిపోతాయి. హడావిడిలో చిన్న గుండు పెద్ద గొట్టంలో పడితే మందు పొగ పక్కల నుంచి పోయి గుండు దగ్గర్లోనే రాలిపోతుంది. పెద్ద గుండైతే అసలు దిగదు.

ఇక పెద్ద ఓడల అంతం ఎలా ఉందో చూడండి. క్వీన్ యాన్స్ రివెంజ్ 1718 జూన్‌లో ఇసుకకు ఎక్కి కూర్చుంది. దాన్ని లాగబోయిన స్లూప్ కూడా తగులుకుంది. గుంపును తగ్గించుకోవడానికి బ్లాక్‌బియర్డ్ కావాలనే ఎక్కించాడన్న మాట అప్పుడే పుట్టింది. విడా 1717 ఏప్రిల్ 26 రాత్రి అమెరికా ఈశాన్య తీరంలోని కేప్ కాడ్ దగ్గర తుఫానులో చిక్కింది. గాలి ఒడ్డు వైపు తోస్తోంది, అడ్డతెరచాప ఓడ దానికి ఎదురు పోలేదు. చుక్కాని గారి 26 మైళ్ళ లెక్క అక్కడ ప్రాణాల మీదికి వచ్చింది. ఆ ఓడ మీద ఉన్నవాళ్ళలో ఇద్దరే బతికారు. 1985లో నీటి అడుగున దొరికిన గంట మీద ఓడ పేరు చెక్కి ఉంది, కాబట్టి గుర్తింపులో సందేహం లేదు.

నీలిరెక్క:

చాలా థాంక్స్ అందరికీ. గాలికి ఎదురు పోవడమే ఇంత కష్టమైతే తెడ్లు ఎందుకు వాడలేదు? మధ్యధరా సముద్రంలో తెడ్ల ఓడలే కదా. మన పశ్చిమ తీరంలో కన్హోజీ ఆంగ్రే ఓడలు ఏ రకం?

తూర్పుగాలి:

తెడ్లు వాడారు, కానీ తెడ్డుకు మనిషి కావాలి, మనిషికి నీళ్ళు కావాలి. రోజుకు మనిషికి 4 లీటర్ల లెక్కన 80 మందికి 320 లీటర్లు. నెలకు దాదాపు 10 టన్నుల నీళ్ళు. తెడ్లు వేసేవాడు ఎండలో ఇంతకు రెట్టింపు తాగుతాడు. తీరం దగ్గర రాత్రికి రాత్రి ఒడ్డుకు చేరే మధ్యధరాలో ఇది సాగుతుంది. రోమన్లు ఇల్లీరియన్ సముద్రపు దొంగల దగ్గర చూసి నేర్చుకున్న లిబుర్నా, తర్వాత అల్జీర్స్, ట్యూనిస్, ట్రిపోలీ రేవుల గాలియోట్‌లు (చిన్న తెడ్ల ఓడలు), మూడు స్తంభాల జెబెక్‌లు అన్నీ ఈ కోవవే. సముద్రం ప్రశాంతంగా ఉండి గాలి ఆగిపోయిన రోజు సరుకు ఓడ కదలదు, తెడ్ల ఓడ దాని వెనక నుంచి వస్తుంది. నడి అట్లాంటిక్‌లో ఆ వీలు లేదు.

తెరచాపలు, తెడ్లు రెండూ కలపాలని చూసిన ఓడ విలియం కిడ్ అనే కెప్టెన్ నడిపిన అడ్వెంచర్ గాలీ. 1695లో డెప్ట్‌ఫర్డ్‌లో కట్టారు, 287 టన్నులు, 34 ఫిరంగులు, 46 తెడ్లు. గాలి లేనప్పుడు కూడా కదిలింది. కానీ హిందూ మహాసముద్రంలో అడుగు పుచ్చిపోయి నీళ్ళు తోడుతూనే ఉండాల్సి వచ్చింది. చివరకు మడగాస్కర్ పక్కన సెయింట్ మేరీ దీవిలో వదిలేశారు. 1698 జనవరిలో కేరళ తీరాన పట్టిన కెడా మర్చంట్‌లో అతను తిరిగి వెళ్ళాడు. ఇది మోకుముడి గారి మాటకే సాక్ష్యం.

కన్హోజీ ఆంగ్రేను ఓడ దొంగ అనడం నాకు అంగీకారం కాదు. ఆయన మరాఠా నౌకాదళానికి సర్ఖేల్, అంటే అధిపతి, ఆ నీళ్ళలో పోయే ఓడలు అనుమతి చీటీ తీసుకోవాలన్నాడు. పోర్చుగీసువాళ్ళు కర్తాజ్ పేరుతో అంతకుముందు వందేళ్ళ పైగా చేసింది అదే. అదే పని తామూ ఒప్పుకోవాల్సి వచ్చేసరికి ఈస్ట్ ఇండియా కంపెనీ ఆయన్ను దొంగ అంది. 1721లో ఇంగ్లిష్, పోర్చుగీసు బలగాలు కలిసి ఆయన కొలాబా కోట మీద పడినా గెలవలేదు.

ఆయన ఓడలు రెండు రకాలు. గురాబు రెండు లేదా మూడు స్తంభాలది, 150 నుంచి 300 టన్నులు, లోతు తక్కువ. దీని ముక్కు మామూలు ఓడలా పైకి లేవదు, నీటి మీద ముందుకు చాచి ఉంటుంది. ఆ ముక్కు మీదుగా సూటిగా ముందుకు పేల్చేలా 9 లేదా 12 పౌన్ల ఫిరంగులు రెండు. గల్బతు చిన్నది, 70 టన్నుల లోపు, 40-50 తెడ్లు, చిన్న తిరుగుడు ఫిరంగులు. గాలి ఆగిందా, గల్బతులు మోకు వేసి గురాబులను లాక్కొచ్చేవి. ఎక్కడికి? శత్రువు ఓడ వెనక్కి. పెద్ద ఓడకు పక్కల ఇరవై ఫిరంగులున్నా వెనక ఉండేవి రెండో నాలుగో. అక్కడ నిలబడి తెరచాపలు, తాళ్ళు గురిచూసి కొట్టేవాళ్ళు. ఓడ కదలలేక తిరగలేకపోయాక, గల్బతుల్లోని మనుషులు నాలుగు వైపుల నుంచి ఎక్కేవాళ్ళు. ముందుకు పేల్చే ఫిరంగి ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తుంది. తరిమేటప్పుడు పక్కకు తిరగాల్సిన పని లేదు, తిరిగితే దూరం పెరుగుతుంది.

ఈ ఓడల బలహీనత అలలు. ముక్కు కిందికి ఉండటం వల్ల వర్షాకాలం సముద్రంలో ముందు భాగం నీళ్ళలోకి దూరిపోతుంది. అందుకే తీరం వదిలి దూరం పోలేదు, తుఫాను నెలల్లో కోటల కింద ఖాడీల్లో (సముద్రపు పాయల్లో) ఉండేవి. 1756 ఫిబ్రవరిలో విజయదుర్గ్ దగ్గర కన్హోజీ కొడుకు తుళాజీ ఆంగ్రే నౌకాదళం కాలిపోయింది సముద్రంలో కాదు, రేవులోనే, ఓడలు పక్కపక్కన కట్టి ఉండగా. ఒకదాని మంట ఇంకోదానికి అంటుకుంది.

చుక్కాని:

నీళ్ళ లెక్క బాగుంది, నేను రాయాల్సింది వదిలేశాను. స్లూప్‌లు అంత తరచుగా చిన్న దీవుల్లో ఆగడానికి కారణం అదే. పీపాలకు ఎక్కువ చోటు లేదు, మనుషులు ఎక్కువ. వాటిని ఎక్కడ పట్టాలో నౌకాదళానికి మెల్లగా అర్థమైంది. నడి సముద్రంలో వెతకడం మానేసి, నీళ్ళు దొరికే దీవులు, వాల్చుకునే కయ్యలు చుట్టి రావడం మొదలెట్టారు.

మోకుముడి:

ఒక చేర్పు. ఓడపురుగుకు ఇంకో మందు నది నీళ్ళు. ఉప్పు బాగా తగ్గిన నీటిలో అది ఎక్కువకాలం బతకదు, నది మొగలో కొన్ని వారాలు లంగరు వేస్తే చాలావరకు చస్తుంది. బర్ముడా దీవిలో కట్టిన స్లూప్‌లకు అంత పేరు రావడానికి కారణం వేరే. ఆ దీవి దేవదారు కొయ్య తేలిక, పురుగుకు, కుళ్ళుకు బాగా తట్టుకుంటుంది. అడుగుకు రాగి రేకు కొట్టడం 1761లో అలార్మ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకతో మొదలైంది. అప్పటికి మనం మాట్లాడుకుంటున్న దొంగలు పోయి ముప్పై అయిదేళ్ళు. కాబట్టి ఎవరైనా బ్లాక్‌బియర్డ్ ఓడ నమూనా చేస్తూ అడుగున రాగి రంగు వేస్తే తప్పు. మురికి తెలుపు వేయండి, కొవ్వు, గంధకం పూత రంగు అదే.